తెర మీద 0.01, నిజంలో ఎంత?

తొమ్మిది వందలకు దొరికే డిజిటల్ వెర్నియర్‌లోనూ, తొమ్మిది వేలు పలికే దానిలోనూ తెర మీద చివరి అంకె కదిలేది ఒకే లెక్కన, 0.01 మి.మీ. చొప్పున. ఆన్‌లైన్‌లో రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూసినా పెద్ద తేడా కనపడదు. రెండూ స్టీలే, రెండూ 150 మి.మీ. కొలిచేవే. మరి ఆ ఎనిమిది వేలూ ఎందుకు పెట్టాలి? ఇంట్లో ఓ మూల బల్ల వేసుకుని డ్రిల్లింగ్ మిషనో, 3డీ ప్రింటరో, చిన్న లేతో పెట్టుకున్నవాళ్ళు ఇలా అడగడం న్యాయమే. దానికి జవాబు తెర మీద దొరకదు. డబ్బాలో మడిచి పెట్టిన కాగితంలో ఉంటుంది. చవక రకాల్లో ఒక్కోసారి ఆ కాగితంలోనూ ఉండదు.

ఇంటర్‌లో ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేసినవాళ్ళకు కనీసపు కొలత గుర్తుండే ఉంటుంది. ల్యాబ్‌లో వాడిన వెర్నియర్‌కు అది 0.01 సెం.మీ., అంటే 0.1 మి.మీ. స్క్రూ గేజ్‌కైతే 0.01 మి.మీ. డిజిటల్ వెర్నియర్ తెర స్క్రూ గేజ్ అంత సన్నగా చూపిస్తుంది. అయితే చూపించడం వేరు, చూపించింది నిజం కావడం వేరు. 1934లో మొదలైన జపాన్ కంపెనీ మిటుటోయో తన 150 మి.మీ. డిజిటల్ క్యాలిపర్‌కు రాసిచ్చే ఖచ్చితత్వం ±0.02 మి.మీ. కొలత పనిముట్లలో అంత పేరున్న కంపెనీయే ±0.01 అనే సాహసం చేయలేదు. వాళ్ళదే 300 మి.మీ. క్యాలిపర్ తీసుకుంటే ±0.03. అంటే 150 మి.మీ. దాని తెర 25.00 అని చూపినప్పుడు చేతిలో ఉన్న వస్తువు 24.98 నుంచి 25.02 దాకా ఎంతైనా కావచ్చు. జిరాక్స్ కాగితం మందం ఇంచుమించు 0.1 మి.మీ. కాబట్టి, మనం మాట్లాడుకుంటున్న 0.02 ఆ కాగితంలో అయిదో వంతు.

చవక స్టీలు రకాల మీద ఎక్కువగా ±0.03 అని రాసి ఉంటుంది. అది ప్రతి ముక్కనూ పరీక్షించి రాసిన మాటని నేననుకోను. నాలుగైదు వందలకు వచ్చే, కార్బన్ ఫైబర్ అని గొప్పగా రాసుకునే ప్లాస్టిక్ రకాల సంగతి మరీ తేలిక. వాటి తెర 0.1 మి.మీ. మాత్రమే చూపిస్తుంది, ఖచ్చితత్వం ±0.2. స్కూలు ప్రాజెక్టుకు, పైపు సైజు చూసుకోవడానికి సరిపోతాయి.

ముందు తేల్చుకోవలసింది మన పనికి ఎంత కావాలన్నది. కొలత శాఖల్లో ఒక పాత లెక్క ఉంది: పనిలో ఎంత తేడా చెల్లుతుందో, పనిముట్టు తప్పు అందులో పదో వంతు మించకూడదు. మరీ అంత కుదరకపోతే నాలుగో వంతుతో సరిపెట్టుకుంటారు. ±0.02 పనిముట్టుతో పదింతల లెక్కన ±0.2 మి.మీ. పని ధీమాగా చేయొచ్చు. నాలుగింతల లెక్కన ±0.08 దాకా వెళ్ళొచ్చు. అంతకన్నా సన్నటి పని క్యాలిపర్‌తో చేస్తున్నామంటే మిగతాది అదృష్టం మీద వదిలేసినట్టే.

ఈ కొలబద్దతో చూస్తే వడ్రంగి పనిలో ఇబ్బందే లేదు. అంగుళంలో ఎనిమిదో వంతు నూలు, అంటే 3.175 మి.మీ. దాంట్లో పదో వంతు కూడా చవక స్టీలు క్యాలిపర్ సునాయాసంగా పట్టేస్తుంది. కొన్ని క్యాలిపర్లలో అంగుళం భిన్నాలు చూపే మీట ఉంటుంది. అది 1/128 అంగుళం చొప్పున, అంటే దాదాపు 0.2 మి.మీ. చొప్పున గెంతుతుంది. చెక్క పనికి ఓకే, కానీ ఆ మీటకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

3డీ ప్రింటర్ ఉన్నవాళ్ళకు కొంచెం సన్నటి లెక్క కావాలి. ఫిలమెంట్ వ్యాసం 1.75 అని ప్రింటర్‌కు చెప్పాం, అసలు తీగ 1.70 ఉంది. వ్యాసంలో తేడా 0.05 మాత్రమే. ప్లాస్టిక్ వెళ్ళేది వ్యాసం వర్గాన్ని బట్టి కాబట్టి, 1.70ని 1.75తో భాగించి వర్గం చేస్తే 0.944 వస్తుంది. దాదాపు ఐదున్నర శాతం ప్లాస్టిక్ తక్కువ పడుతుందన్నమాట. ఇక్కడ క్యాలిపరే 0.02 తప్పు చెబితే రెండు శాతానికి పైగా తేడా దాని పద్దులోనే పోతుంది. అందుకే ఒకచోట కొలిచి ఊరుకోకుండా మీటరు తీగలో నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయాలి.

పాత మిషన్ల బోల్టుల దగ్గర క్యాలిపర్ అసలు పనితనం చూడొచ్చు. ఒక పాత మోటారు పాదం నుంచి ఊడిన బోల్టు పట్టుకుంటే తెర 7.93 అంటుంది. ఎం8 బోల్టు అనుకుని ఎం8 నట్టు ఎక్కిస్తే రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. ఎం8 బోల్టు బయటి వ్యాసం నిజంగా 8.00 ఉండదు, ప్రమాణం ప్రకారం 7.76 నుంచి 7.97 దాకా చెల్లుతుంది. పాత బ్రిటిష్ విట్‌వర్త్ 5/16 అంగుళం బోల్టు 7.94. వ్యాసం ఒక్కటే చూస్తే ఎంత మంచి క్యాలిపరైనా ఈ రెండింటినీ విడదీసి చెప్పలేదు. మర అంచుల మధ్య సందులు పది లెక్కపెట్టి పొడవు కొలిస్తే గుట్టు బయటపడుతుంది. ఎం8కు మరకూ మరకూ మధ్య 1.25 మి.మీ., కాబట్టి పదింటికి 12.5. విట్‌వర్త్‌కు అంగుళానికి 18 మరలు, పదింటికి 14.1. తేడా ఒకటిన్నర మి.మీ.కు పైనే. దీనికి తొమ్మిది వేల పనిముట్టు అక్కర్లేదు, ఎక్కడ కొలవాలో తెలిస్తే చాలు.

పాత వెర్నియర్‌లో లేని సుఖం డిజిటల్‌లో ఒకటుంది, ఎక్కడ కావాలంటే అక్కడ జీరో పెట్టుకోవడం. అల్మారా డ్రాయర్ హ్యాండిల్ విరిగింది, కొత్తది తేవాలి. రెండు బోల్టు రంధ్రాల నడిమి దూరం 96 మి.మీ.నా, లేక నాలుగు అంగుళాలా (101.6)? పై దవడలు ఒక రంధ్రంలో పెట్టి వ్యాసం కొలిచి, అక్కడే జీరో నొక్కాలి. తర్వాత రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిస్తే తెర నేరుగా నడిమి దూరం చూపిస్తుంది. కూడికలూ తీసివేతలూ ఉండవు. రంధ్రాలు రెండూ ఒకే సైజువై ఉండాలి, అంతే. హ్యాండిళ్ళు 96, 128, 160 ఇలా 32 చొప్పున పెరుగుతాయి. 150 మి.మీ. క్యాలిపర్ 128 దాకా అందుకుంటుంది, 160కి అందదు. అలాంటి పని తరచూ ఉంటే 200 మి.మీ. ది తీసుకోవాలి. లేదంటే 150 చాలు. పొడుగు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, తప్పూ పెరుగుతుంది.

ఇక పనిముట్టు లోపలి సంగతి. క్యాలిపర్ బద్ద మీద స్టిక్కర్ కింద సన్నటి రాగి పలకల వరస ఉంటుంది. జరిగే భాగం అడుగున ఇంకో రాగి వరస. రెండింటి మధ్యా ఏర్పడే కెపాసిటెన్స్ మారుతుండగా చిప్ దాన్ని లెక్కగట్టి దూరంగా మారుస్తుంది. స్వీడన్‌కు చెందిన ఇంగ్వార్ ఆండెర్మో దీనికి 1983లో అమెరికా పేటెంట్ పొందాడు. చాలా చవక క్యాలిపర్లలో ఈ రాగి వరస 5.08 మి.మీ.కు ఒకసారి తిరిగి మొదలవుతుంది. అది సరిగ్గా అంగుళంలో అయిదో వంతు. ఆ 5.08ని చిప్ అయిదు వందలకు పైగా భాగాలు చేస్తేనే మనకు 0.01 వస్తుంది. భాగాలు చేయడంలో తేడా వస్తే ఆ తప్పు ప్రతి 5.08కీ ఒకసారి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఒక్క సైజు ముక్కతో పరీక్షించి పాస్ చేయకూడదనేది ఇందుకే.

కెపాసిటెన్స్‌కు నీళ్ళంటే పడదు. గాలి విద్యుత్ స్థిరాంకం 1 అనుకుంటే నూనెలకు రెండు మూడు, నీటికి 80 దాకా ఉంటుంది. మే నెలలో రేకుల షెడ్డులో చెమట చేత్తో బద్దను పట్టుకుని జరిపితే అంకెలు పిచ్చెక్కినట్టు గెంతడానికి కారణం ఇదే. పనిముట్టు పాడైందనుకుని పారేయకండి, పొడి గుడ్డతో తుడిస్తే దారికొస్తుంది. కూలెంట్ చిమ్మే మిషన్ల దగ్గర వాడేవాళ్ళకు ఐపీ67 రకాలున్నాయి. 6 అంటే దుమ్ము చొరబడదు, 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుంది. వాటిలో చాలావాటికి కెపాసిటెన్స్ బదులు విద్యుదయస్కాంత ప్రేరణ వాడతారు. ఇంటి వర్క్‌షాప్‌కు ఆ ఖర్చు దండగ.

బ్యాటరీ విషయంలో మాత్రం అంకెలు చూడాల్సిందే. చవక క్యాలిపర్ ఆఫ్ చేస్తే ఆరేది తెర ఒక్కటే. జీరో ఎక్కడుందో మరచిపోకుండా లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది, దానికి దాదాపు 20 మైక్రోఆంపియర్లు పోతుంటాయి. 150 మిల్లీఆంపియర్-అవర్ బ్యాటరీని 0.02తో భాగిస్తే 7,500 గంటలు, అంటే 312 రోజులు. వాడినా వాడకపోయినా పది నెలలకు బ్యాటరీ ఖాళీ. మంచి కంపెనీల అబ్సల్యూట్ రకాల్లో స్థానం బద్ద మీది వరసలోనే గుర్తులుగా ఉంటుంది కాబట్టి ఆఫ్ చేస్తే నిజంగా ఆఫే. ఆన్ చేయగానే పాత జీరో నుంచి సరిగ్గా చూపిస్తుంది, బ్యాటరీ మూడేళ్ళకు పైగా వస్తుంది. విసురుగా జరిపితే లెక్క తప్పే బాధ కూడా వీటికి లేదు. చవక రకాల్లో సెకనుకు 1.5 మీటర్లు దాటితే ఆ ప్రమాదం ఉంటుంది. ధర తేడాలో నాకు బాగా నచ్చేది ఈ ఒక్క సుగుణమే.

బ్యాటరీ కొనేటప్పుడు ఎల్‌ఆర్44, ఎస్‌ఆర్44 రెండూ ఒకే సైజు, 11.6 మి.మీ. వెడల్పు, 5.4 మందం. రెండూ పడతాయి. ఎల్‌ఆర్ ఆల్కలైన్, దాని వోల్టేజీ 1.5 దగ్గర మొదలై మెల్లగా జారుతూ ఉంటుంది. 1.4 దగ్గరికి రాగానే చాలా క్యాలిపర్ల తెర మిణుకుమంటుంది, బ్యాటరీలో ఇంకా సరుకు ఉన్నా సరే. ఎస్‌ఆర్ సిల్వర్ ఆక్సైడ్, చివరిదాకా 1.55 దగ్గర నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది. షాపులో అడగకపోతే ఎల్‌ఆర్ చేతిలో పెడతారు, చవక కదా.

ఇప్పుడు మన చేతి లెక్క. వస్తువును దవడల మధ్య ఒక డిగ్రీ వంకరగా పట్టుకుంటే 100 మి.మీ. ముక్కకు 0.015 ఎక్కువ చూపిస్తుంది. రెండు డిగ్రీలైతే 0.06. క్యాలిపర్ తప్పుకు ఇది మూడింతలు. దవడల కొసల్లో పట్టుకోవడం ఇంకో పొరపాటు. కొలిచే గీత, స్కేలు గీత ఒకే వరసలో ఉండాలని జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఆబె 1890లోనే చెప్పాడు. క్యాలిపర్ నిర్మాణమే ఆ సూత్రానికి విరుద్ధం, స్కేలు పైన, వస్తువు కింద. జరిగే భాగం 50 మి.మీ. పొడవుండి, అందులో 0.02 వదులుంటే, 35 మి.మీ. కింద దవడ కొస దగ్గర అది 0.014 అవుతుంది. వస్తువును వీలైనంత బద్దకు దగ్గరగా పట్టుకోమని ఐటీఐలో ఫిట్టర్ మాస్టార్లు అరిచేది దీనికే.

చిన్న రంధ్రాల దగ్గర పై దవడలు ఎప్పుడూ తక్కువే చెబుతాయి. వాటి అంచులు కత్తిలా కనిపించినా కొంచెం బల్లపరుపుగానే ఉంటాయి. ఆ వెడల్పు మొత్తం 0.5 మి.మీ. అనుకుంటే, 5 మి.మీ. రంధ్రం 4.975 అని వస్తుంది, 3 మి.మీ. రంధ్రం 2.958 అని. 20 మి.మీ. రంధ్రానికి ఆ తేడా 0.006కు పడిపోతుంది. ఇందాకటి హ్యాండిల్ లెక్కలో ఈ తప్పు రెండు కొలతల్లోనూ ఉండి తీసివేతలో చాలావరకు పోతుంది. విడిగా చిన్న రంధ్రం కొలవాలంటే సరిపోయే డ్రిల్ బిట్ వెనుక భాగం దూర్చి చూడడమే నయం.

ఎండ సంగతి కూడా లెక్కలోకి రావాలి. కొలతలన్నిటికీ ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలని 1931లో నిర్ణయించారు. మన షెడ్డులో మధ్యాహ్నం 40. స్టీలు ముక్క మీటరుకు డిగ్రీకి 11.5 మైక్రాన్లు సాగుతుంది, కానీ క్యాలిపర్ కూడా స్టీలే కాబట్టి రెండూ కలిసి సాగి సరిపోతాయి. అల్యూమినియం దానికి రెట్టింపు సాగుతుంది. 40 డిగ్రీల దగ్గర 100 మి.మీ. అల్యూమినియం ముక్క 0.023 ఎక్కువ చూపిస్తుంది, అంటే మంచి క్యాలిపర్ ఖచ్చితత్వం మొత్తం ఎండకే పోయింది. పీఎల్ఏ ప్లాస్టిక్ ముక్కకైతే అదే లెక్కన తేడా 0.1 మి.మీ. దాటుతుంది. లేత్ మీద అప్పుడే కోసిన ముక్కను వేడి మీద కొలిచి చివరి కోత కోస్తే చల్లారాక సన్నమై కూర్చుంటుంది.

కొన్న క్యాలిపర్‌ను ఇంట్లో పరీక్షించడానికి గేజ్ బ్లాకులు అక్కర్లేదు, కొత్త బేరింగ్ చాలు. సీలింగ్ ఫ్యాన్లలో వాడే 6202 బేరింగ్ లోపలి వ్యాసం 15, బయటిది 35. మామూలు తరగతి బేరింగ్‌కైనా బయటి వ్యాసం 34.989 నుంచి 35.000 లోపే ఉండాలి, లోపలిది 14.992 నుంచి 15.000 లోపు. క్యాలిపర్‌కన్నా నమ్మకమైన కొలత ఇది. బయట 34.97 నుంచి 35.02 మధ్య చూపితే ±0.02 మాట నిలబెట్టుకున్నట్టు. స్కేటింగ్ చక్రాల్లో ఉండే 608 బయటి వ్యాసం 22, 6204ది 47. ఈ మూడింటి మీదా చూస్తే 5.08 వరసలో వేర్వేరు చోట్ల తప్పు పట్టుకున్నట్టవుతుంది. బేరింగ్ మందంతో మాత్రం పరీక్షించకండి, అందులో 0.12 దాకా తేడా చెల్లుతుంది. రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కొంటుంటే పక్క బేరింగ్ షాపులో ఒక ముక్క అడిగి అక్కడే చూసుకోవచ్చు. ఎవరూ కాదనరు.

బేరింగ్ కన్నా ముందు దవడలు మూసి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టి చూడాలి. కొన్ని మైక్రాన్ల సందున్నా వెలుతురు గీత కనపడుతుంది. ఒక కొసన వెలుతురు, ఇంకో కొసన చీకటి ఉంటే దవడ వంకర, ఆ ముక్క వద్దు. తర్వాత పదిసార్లు తెరిచి మూయాలి. ప్రతిసారీ 0.00 రావాలి, 0.01 దాకా క్షమించవచ్చు. దానికి మించి గెంతితే ఏ బ్రాండ్ అయినా తిప్పి పంపేయడమే.

డబ్బు విషయానికొస్తే నా అభిప్రాయం ఇది. చెక్కపని, ప్రింటింగ్, ఇంటి మరమ్మతుల వరకే అయితే వెయ్యి రూపాయల చుట్టుపక్కల స్టీలు క్యాలిపర్‌ను బేరింగ్ పరీక్ష పెట్టి ఉంచుకోండి. వారానికి నాలుగు రోజులు చేతిలో ఉంటుందంటే, ఖచ్చితత్వం కాగితం మీద రాసిచ్చే కంపెనీ నుంచి అబ్సల్యూట్ రకం మూడు వేల దరిదాపుల్లో చూడండి. ఆ పైన క్యాలిపర్ మీద పెట్టే ప్రతి రూపాయికీ సుఖం పెరుగుతుంది, ఖచ్చితత్వం పెద్దగా పెరగదు. జరుపుడు మెత్తగా ఉంటుంది, పదేళ్ళు వస్తుంది, అంతవరకు నిజం.

లేత్ మీద బేరింగ్ సీట్లు కోసేవాళ్ళ లెక్క వేరు. 6202 కూర్చునే హౌసింగ్‌ను హెచ్7 అనే మామూలు బిగింపు తరగతి ప్రకారం 35.000 నుంచి 35.025 లోపు బోర్ చేయాలి. షాఫ్ట్ కే6 అంటే 15.001 నుంచి 15.012. హౌసింగ్‌కు చెల్లే జాగా మొత్తం 0.025, క్యాలిపర్ అనుమానం ఆ చివర నుంచి ఈ చివరకు 0.04. ఏ కంపెనీదైనా ఇక్కడ పనికిరాదు. 0 నుంచి 25 మి.మీ. స్క్రూ గేజ్ ±0.004 ఇస్తుంది. కాబట్టి తొమ్మిది వేల క్యాలిపర్ బదులు మూడు వేల క్యాలిపరూ ఒక స్క్రూ గేజూ కొనుక్కోవడం మేలు. బోర్ కొలవడానికి బోర్ గేజ్ విడిగా కావాలి, లేదంటే కొత్త బేరింగ్‌నే గేజ్‌గా పెట్టుకుని మెల్లగా కోసుకుంటూ పోవాలి.

పేరున్న బ్రాండే కావాలనుకుంటే నకిలీల బెడద ఉంది, మిటుటోయో పేరుతో మరీ ఎక్కువ. అధీకృత డీలర్ ధరలో సగానికే దొరుకుతోందంటే అనుమానించాలి. సీరియల్ నంబరు, పరీక్ష పత్రం సరిచూసుకోవాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే తిప్పి పంపే గడువులోపే ట్యూబ్‌లైట్, బేరింగ్ పరీక్షలు రెండూ కానిచ్చేయండి. బిల్లూ డబ్బా ఆ గడువు అయ్యేదాకా పారేయకండి.